నిన్నటి పులుసు

సంతపేట మూడో సందులో మా మెస్సు.
పన్నెండు బల్లలు, రెండు ఫ్యాన్లు,
వాటిలో ఒకటి తిరగదు.

రాత్రి పదిన్నరకి షట్టర్ సగం దించేసరికి
కాలేషా వస్తాడు.
మూడు చక్రాల బండి, తుప్పు కాటా,
చెవి సందున ఆరిపోయిన బీడీ.

అట్టపెట్టెలూ నూనె డబ్బాలూ
ఏళ్ళ తరబడి వాడికే వేస్తున్నా.
మిగతాదంతా ఒకే గోతాంలో కుక్కి
తెల్లారి మునిసిపాలిటీ బండికి.
ఎంత పోతోందో ఏనాడూ రాసుకోలేదు.
పోయేదానికి లెక్కేంది?

ఆ రాత్రి, నేను అడక్కుండానే
గోతాన్ని కాటా కొక్కేనికి తగిలించాడు.
"పద్నాలుగు కిలోలు, చెంచమ్మక్కా.
ఇందులో నీ దుడ్లెన్ని?"

చెత్తలో దుడ్లేందిరా అని నవ్వాను.
వాడు నవ్వలేదు.

మెట్టు మీద పాత పట్టా పరిచి
గోతాం బోర్లించాడు.
ఒక్క గుక్క తాగి వదిలేసిన నీళ్ళ ప్యాకెట్లు,
నలిగిన గ్లాసులు,
ఎవరూ వేలు పెట్టని బీట్‌రూట్ కూర,
అన్నం, అన్నం, అన్నం.
పోటీకి పోయి తెప్పించిన మొలకొలుకులు
విస్తళ్ళలో గడ్డకట్టి
నా మొహంలోకే చూస్తున్నట్టు.

"ఇది ఇంట్లో మిగిలింది.
నువ్వు కట్టి పంపింది వేరే ఉంది" అంటూ
జేబులోంచి తీశాడు
ఒక సాంబారు కవరు.
ఖాళీది. మూతి దగ్గర తెల్ల దారం,
మూడు చుట్లు, లోపలికి ఒక దోపు.

జాఫర్‌సాహెబ్ కాలువలో దొరికిందట.
"ఈ ఊళ్ళో ఎన్ని హోటళ్ళున్నా
నీ ముడి నాకు తెలుసక్కా."

పిల్లకి జడేసినంత ఒద్దికగా
పొద్దుగూకులు నేను వేసే ముడి.
సాంబారు ఎవరి కడుపులోకో పోయింది
ముడి మాత్రం విప్పేవాళ్ళు లేక
కాలువంతా తిరిగి నా గుమ్మానికొచ్చింది.

వాడు బండి తిప్పుకుంటూ అన్న మాట:
"చేపల పులుసు ఇవాళ కాచి
రేపటికి చట్టిలో దాచుకునే ఊరు మనది.
నిన్నటిదే ఇవాళ రుచని తెలిసినోళ్ళం.
పారేయడం మనకెవురు నేర్పారబ్బా?"

రాత్రంతా పద్దు పుస్తకం ముందేసుకున్నా.
కవర్లు, దారం, గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు —
నెలకి తిరగని ఫ్యాన్లు నాలుగు కొనొచ్చు.

గోడకి ముప్పై మేకులు కొట్టించా.
క్యారేజీ తెచ్చుకుంటే రెండు రూపాయలు తగ్గింపని
మాల్యాద్రి చేత బోర్డు రాయించా.
'తగ్గింపు'లో పొల్లు మర్చిపోయాడు, అట్నే ఉంచా.
అన్నం ముందే కుప్ప పోయను,
ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు మారు వడ్డన.
తొక్కలూ మెతుకులూ పెంచలయ్య బర్రెలకి.
టైలర్ కరీమున్ కత్తిరింపుల గుడ్డలతో
గిన్నెలు దించే మసిగుడ్డలు.

మొదటి వారం పదహారు మంది
ఎదురు హోటలుకి పోయారు.
ఎదురాయన పళ్ళు తోముకుంటూ
నా మేకులు లెక్కపెట్టేవాడు.
పదకొండు మంది తిరిగొచ్చారు.
ఐదుగురు రాలేదు. ఆ లెక్కా రాసుకున్నా.

ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండుకల్లా
గోడ నిండా క్యారేజీలు.
మూతల మీద గోళ్ళరంగుతో పేర్లు.
ఒకటి మాత్రం కదలదు.
బ్యాంకు గుమాస్తాది, పొదిలికి బదిలీ అయ్యాడు.
శనివారం శనివారం తోమి
మళ్ళీ అదే మేకుకి తగిలిస్తా.

నిన్న కాలేషా గోతాం ఎత్తి చూశాడు.
నాలుగు కిలోలు.
మెచ్చుకుంటాడని నిలబడ్డా.
వాడు వంగి, మోరీ రాతి సందులోంచి
గోటితో ఏదో గీకి తీసి
నా అరచేతిలో పెట్టాడు.

పాల ప్యాకెట్ మూల.
చిటికెన వేలి గోరంత.
పొద్దున్నే యాభై ప్యాకెట్లు
మూల తెగ్గోసి విసిరేస్తాను కదా,
అందులో ఒకటి.

"దీన్ని నా కాటా తూయదక్కా" అన్నాడు.

ఇవాళ తెల్లారుజామున కత్తెర పట్టుకుని
మొదటి ప్యాకెట్ ముందు ఆగాను.
మూల పూర్తిగా తెగకుండా
అంచున కొంచెం వదిలి కోయాలి.

మొదటి మూడూ తెగిపోయాయి.
నాలుగోది నిలిచింది.