గట్టెక్కిన ఓడ

జీలాంగ్ రేవులో రాత్రి పదకొండు దాటితే
ఈ ఓడకి కెప్టెన్ని నేనే.
టోపీ లేదు. చొక్కాకి పేరు బిళ్ళ,
సొరుగులో మూడొందల పన్నెండు తాళం కార్డులు,
ఒక కాఫీ మిషను,
సముద్రం వాసన రాకుండా
గంటకోసారి నిమ్మగడ్డి నూనె చిమ్మే డబ్బా.

లేడీ ఎవలీన్ దీని పేరు.
ముప్పై ఒక్క ఏళ్ళు నీళ్ళు కోసింది.
తుక్కు కింద పోవాల్సింది, గట్టెక్కింది అన్నారంతా.
ఓడకి గట్టెక్కడమంటే ఏమిటో
ఎవరూ ఆలోచించినట్టు లేదు.
నాలుగు ఉక్కు స్తంభాలకి కట్టి
తూలకుండా అడుగున కాంక్రీటు పోశారు.
మునిసిపాలిటీ కాగితాల్లో ఇదొక భవనం.
అలలు మాత్రం ఇంకా వస్తాయి,
పక్క మీద తడతాయి,
పలక్కపోతే వెళ్ళిపోతాయి.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య,
దాటాక బోడి మల్లయ్య అంటాం కదా,
దీన్ని బోడి చెయ్యలేదు పాపం.
దువ్వి, రంగేసి, కూర్చోబెట్టారు.
లైఫ్ బోట్లలో జెరేనియం మొక్కలు.
చుక్కాని చక్రం బారు గోడకి.
తాగినవాళ్ళు తిప్పి ఫొటోలు దిగుతారు.
ఎడమకి తిప్పినా కుడికి తిప్పినా
ఎదురుగా అదే పార్కింగు.
మూడు పొగగొట్టాల్లో ఒకటి
కట్టినప్పుడే ఉత్తిదట, అందం కోసం.
ఇప్పుడు మిగతా రెండూ దానితో సమానం.

తెలుగులో ఓడకీ ఓడిపోవడానికీ
పెద్ద దూరం లేదని
బార్లో గ్లాసులు తుడిచే టెవీటాకి చెప్పాను.
"గెలుపుకి ఎంత దూరం?" అన్నాడు.
గ్లాసు దీపానికి ఎత్తి చూసుకుంటూ.

జూలై చలి. మంగళవారం.
క్లైవ్ పెథరిక్ అనే ఆయన వచ్చాడు,
ఎనభై దాటి ఉంటాయి, చిన్న సంచీ.
డి డెక్కులో గది కావాలన్నాడు, కిటికీ లేనిది.
అదే ధరకి సముద్రం కనిపించేది ఇస్తానన్నాను.
"ఈ ఓడలో తొమ్మిదేళ్ళు చేశాను.
ఇంజన్లకి గ్రీజు పెట్టేవాణ్ణి.
సముద్రం ఎప్పుడు చూశాను గనక?"

రెండింటికి చెప్పులు ఈడ్చుకుంటూ పైకొచ్చాడు.
నిద్ర పట్టడం లేదట.
చప్పుడు గురించేమో అనుకుని
అలవాటుగా క్షమాపణ మొదలెట్టాను.
"అది కాదు" అన్నాడు. "చప్పుడు లేదు."
నా కౌంటరు మీద రెండు వేళ్ళు ఆనించి
కాసేపు అలాగే ఉన్నాడు,
నాడి చూసేవాళ్ళలా.
తర్వాత చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఫిర్యాదుల పుస్తకంలో
వేడినీళ్ళకో గడి ఉంది, వాసనకో గడి,
పక్కగది పిల్లలకో గడి.
నిశ్శబ్దానికి లేదు.

ఆయన గది గోడకి అవతల
ఒకప్పుడు రెండో నంబరు బాయిలరు ఉండేది.
ఇప్పుడు లాండ్రీ. నాలుగు పెద్ద డ్రయర్లు.
రాత్రి వెయ్యకూడదని తలుపు మీదే రాసుంది.
దిగి వెళ్ళాను.
తడి తువ్వాళ్ళు పద్నాలుగే దొరికాయి.
నాలుగింటిలో సర్ది, నాలుగూ వేశాను.

ఇనుము కదా, తొందరగా అందుకుంది.
రివెట్లు, మెట్ల కమ్మీ, గంట నాలుక,
నా పేరు బిళ్ళ పిన్ను కూడా సన్నగా వణికింది.
పైకొచ్చి చూస్తే
కాఫీ కప్పులో వలయాలు,
మధ్యలోంచి అంచుకి, మళ్ళీ మధ్యలోంచి.
డి డెక్కు నుంచి ఎవరూ రాలేదు.

పొద్దున్న పదికి ఖాళీ చెయ్యాలి.
ఆయన పదకొండున్నరకి లేచాడు,
టోస్టు గట్టిగా ఉందని విసుక్కున్నాడు,
చిల్లర లెక్కపెట్టి తీసుకున్నాడు.
గేటు దాకా వెళ్ళి ఆగి
నేలని ఒకసారి కాలితో నొక్కి చూశాడు,
ఓడ దిగినవాళ్ళు చూసుకుంటారే,
అలా.

పద్నాలుగు తువ్వాళ్ళకి ఐదు గంటల కరెంటేమిటని
మేనేజరు అడిగింది.
ఏదో చెప్పాను.

ఆ గది ఖాళీగా ఉన్న రాత్రుళ్ళు కూడా
ఎప్పుడైనా ఒక్క డ్రయరు వేస్తాను.
ఏం లేదు,
కప్పులో కాఫీ ఎటైనా బయల్దేరుతుందేమోనని.