చాలు తప్పిన చోటు

నేల కడిగే మిషన్‌ని నేను దున్నపోతు అంటాను.
ఎక్కి కూర్చుని మీట నొక్కితే
ముందు తనే నీళ్ళు చల్లుకుని, వెనక తనే పీల్చుకుంటుంది.
మేత అడగదు. రాత్రంతా గుర్రుమంటూ నడుస్తుంది.
చాలు వెంట చాలు.
ఎంత దున్నినా చాలు అనదు
బ్యాంకాక్ కొత్త సెంట్రల్ స్టేషన్ నేల.

ఇరవై ఆరు ప్లాట్‌ఫాంలు. నేను లెక్కపెట్టలేదు.
చేరిన రోజు సూపర్‌వైజర్ ప్రచువబ్ చెప్పాడు,
ఒక్కొక్కటీ తనే కని పెంచినట్టు.

మా అమ్మ ఒకసారి చూడ్డానికొచ్చింది.
మెడ నొప్పెట్టేదాకా పైకప్పు చూసి
"ఎన్ని పుట్ల ధాన్యం పడుతుందే ఇందులో" అంది.
తర్వాత ఆగివున్న రైలు దగ్గరికెళ్ళి
కిటికీ అద్దం మీద వేలితో కొట్టి చూసింది.
తెరుచుకోదు.
ముప్పై ఏళ్ళు కిటికీల్లోంచే మమ్మల్ని పోషించింది.
పుల్లకి గుచ్చి కాల్చిన కోడి, వెదురు బుట్టలో జిగురన్నం,
బండి కదిలాక కూడా పక్కనే పరిగెత్తి
చిల్లర అందించేది.
ఆ అద్దంలో ముఖం చూసుకుని, జుట్టు సర్దుకుని
"చల్లగా ఉంది, బావుంది" అంది.
అంతే.

ఆ రాత్రి ఉబోన్ బండి వెళ్ళిపోయాక
ఎస్కలేటర్ ముందు ఒక ముసలాయన.
ఒక కాలు పెడతాడు, తీస్తాడు,
ఏట్లో లోతు చూస్తున్నవాడిలా.
చేతిలో ఎర్ర నైలాన్ తాడుతో కట్టిన రైస్ కుక్కర్ పెట్టె,
చంకలో చుట్టిన చాప.
"బండి పోయింది తాతా" అన్నాను.
టికెట్ చూపించాడు.
స్టేషన్ పేరు సరిగ్గానే ఉంది దాని మీద.
కానీ కాళ్ళకి చదువు రాదు కదా,
యాభై ఏళ్ళ అలవాటుకొద్దీ అవి
హువా లంఫోంగ్ పాత స్టేషన్‌కే పోయాయి.
అక్కడ రెండు చిన్న బళ్ళు, ఒక కుక్క.
కుక్క తనని గుర్తుపట్టిందని
రెండుసార్లు చెప్పాడు.

ఈ కప్పు కింద మైకు ఎన్ని భాషలు మాట్లాడినా
మా ఈసాన్ యాస మాట్లాడదు.
తాత పేరు థవిన్. ఆ యాసలోనే అడిగాడు,
అన్నం తిన్నావా అని.
ఉద్యోగంలో చేరాక ఈ హాల్లో
నన్నెవరూ అడగని మాట.

హాలు నట్టనడుమ చాప పరిచాడు.
పాత స్టేషన్లో అందరం అలాగే పడుకునేవాళ్ళం,
ఊరంతా ఒకే వాకిట్లో నిద్రపోయినట్టు.
ఇక్కడ పడుకోకూడదు. కుర్చీలున్నాయి,
నడుం వాల్చకుండా మధ్యమధ్య ఇనుప చేతులున్న కుర్చీలు.
గార్డు కుర్రాడు దూరం నుంచే విజిల్ తీశాడు.

నేనేం ఆలోచించలేదు.
దున్నపోతుని తాత చుట్టూ ఒక రౌండు తిప్పాను,
నీళ్ళు రెట్టింపు పెట్టి, పీల్చే గొట్టం ఆపేసి.
నాలుగు మూలలా నాలుగు పసుపు బోర్డులు:
తడి నేల, జాగ్రత్త.
"ఆరేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు,
జారి పడితే నాకు సంబంధం లేదు" అన్నాను.
కుర్రాడి బూట్లు కొత్తవి. గట్టునే నిలబడిపోయాడు.

ఆరనిస్తే కదా.
గంటకోసారి తిప్పుతూనే ఉన్నాను.
నీళ్ళ మధ్య చిన్న లంకలో
తాత పెట్టె తలకింద పెట్టుకుని
నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

తెల్లారుజామున లేచి, చాప చుట్టి
మళ్ళీ ఎస్కలేటర్ ముందు ఆగాడు.
ఈసారి కళ్ళు మూసుకుని ఎక్కేశాడు.
వెనక్కి చూళ్ళేదు. పట్టుకోవడానికే
రెండు చేతులూ చాల్లేదు పాపం.

అద్దంలా మెరిసే నేల మీద
మనిషి పొడుగున దుమ్ము మిగిలింది,
చాప అల్లిక అచ్చుపడి.
ప్రచువబ్ వంగి చూశాడు.
అతనిదీ వరి పొలాల ఊరే, ఎప్పుడూ చెప్పుకోడు.
"ఒక చాలు తప్పిందే" అన్నాడు.
తప్పింది, అన్నాను.

పగటి షిఫ్టు రావడానికి ఇంకా పావుగంట ఉంది.
దున్నపోతుని తీసుకెళ్ళి
ఛార్జింగ్ వైరుకి కట్టేశాను.