ఊరికే చూడటం

తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో
కరెంటు పోయిన మధ్యాహ్నం
అట్టపెట్టెలో ఫోను పెట్టి
కుళ్ళాయప్ప కళ్ళకు కట్టినాను.
కోత మిషను దగ్గర జాగ్రత్తలు నేర్పే వీఆర్ లోకం,
ఆర్నెల్ల పని నాది.
"ఈ రిమోటు పట్టుకో చిన్నాయనా,
చూపుడు వేలితో మీట లాగు."

ఆయన రిమోటును అటూ ఇటూ తిప్పినాడు.
పెట్టె లోపలి నుంచి నా మొహం కనపడదు కదా,
మెల్లిగా అన్నాడు:
"ఆ యేలే లేదు గదమ్మా."

కుడిచేతికి నాలుగు.
ఆర్నెల్లలో అందరి కళ్ళ మధ్య ఎడం కొలిచినాను,
వేళ్ళు లెక్కపెట్టలేదు.

నోటితో చెప్పే ఏర్పాటు కూడా ఉండేది.
"ప్రారంభించు" అంటే కదులుతుంది.
ఆయన "ఆడించు" అన్నాడు, "తిప్పు" అన్నాడు,
"ఊఁ, కానియ్" అన్నాడు.
దానికి బడి తెలుగే తెలుసు.

రెండో వారం చూపు పెట్టి తెచ్చినాను.
వేలు వద్దు, మాట వద్దు.
దేన్నైనా రెండు సెకన్లు చూస్తే
దాని చుట్టూ తెల్లగీత గాజులా తిరిగి
మూసుకుంటుంది.
మూసుకుంటే, నువ్వు దాన్ని కోరుకున్నట్టు.
చూపుడు వేలు పోయినాయనకు చూపు చాల్లే అని
బస్సులో వస్తా నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆయన రాయి చూసినాడు, నీళ్ళ పైపు చూసినాడు,
రేకుల్లో బొక్క కూడా పెట్టినావే అని నవ్వినాడు.
తర్వాత రంపపు చక్రం దగ్గర
మెడ ఆగింది.

ఒకటి.
రెండు.

గిర్రున తిరిగింది చక్రం.
పెట్టె పెరుక్కొని లేచినాడు,
కుర్చీ పడింది,
ఎడమచెయ్యి పోయి కుడిచేతిని పట్టుకుంది.

"నేను నొక్కల్యా."
"చూసినావు కదా చిన్నాయనా..."
"చూసినా. చూస్తే?
అంగట్లో దానిమ్మపండ్లు చూస్తా, కొన్నట్టేనా?
మీ లోకంలో ఊరికే చూడగూడదా?"

టీ వచ్చింది. తాగినాము.
గ్లాసు కింద పెట్టి ఆయన
గోడకానించిన నల్లబండను మెటికతో కొట్టినాడు.
ఠంగుమంటే మంచిది,
డబ్బుమంటే లోపల పగులు.
ఇరవై ఏళ్ళుగా రాయిని ఆయన అడిగే పద్ధతి.
"చూసేది చూస్తా. కావల్లంటే ఇట్ల కొడతా.
అట్ల పెట్టు."

ఫోనుకు అదురు తెలుస్తుంది.
తెలిసిన సంగతే,
నాకే తట్టలేదు.

మూడో వారం.
చెంపల చెమటకు అట్ట మెత్తబడింది,
అద్దాల మీద రాతిదుమ్ము.
మెటిక పెట్టె పక్కన ఆనించి
చక్రం ముందర నిలబడినాడు.
చూస్తానే ఉన్నాడు.
గీత లేదు, గాజు లేదు,
ఒక్క పన్ను కదల్లేదు.

కరెంటొచ్చి బయట మిషన్లు మొదలైనాయి.
ఫోను కాగిపోతాంది, పదకొండు శాతం ఉంది.
నేను పిలవలేదు.
ఆయన ఇంకా కొట్టలేదు.