కసిం తిన్న చోట

ఆ దీవి పేరు నా నాలిక్కి తిరగలా.
మా కాళాస్త్రి నుంచి మద్రాసుకి బస్సు,
ఆడినించి రెండు విమానాలు, ఒక పడవ,
పడవ దిగినాక లారీ వెనకాల అరటిగెలల మీద కూర్చొని
నాలుగు గంటలు.
సంచిలో వెదురు కలాలు పన్నెండు,
చింతబరిక బొగ్గు, ఊరగాయ సీసా.
"కన్నెమ్మా, మన పని వాళ్ళకి చూపించి రా"
అన్నారు సొసైటీ ఆఫీసులో.
సంతకం పెట్టినా, బయల్దేరినా.

దార్లో ఒక రాత్రి
పెద్ద నది ఒడ్డున ఊరు. పున్నమి.
మనకది కార్తీకం, వాళ్ళకి ఏం నెలో తెలీదు.
అరటిదొప్పల్లో పూలు, వత్తి, చిల్లర డబ్బు,
ఒకామె కత్తిరించిన గోరు కూడా పెట్టింది.
ఏ సామికమ్మా ఇది, అని సైగ చేస్తే
మాట తెలిసిన పిలగాడు చెప్పినాడు:
సామికి కాదంట. నీళ్ళకి.
ఏడాదంతా తాగినాం, ఉతికినాం, ఉమ్మినాం,
తప్పయింది తల్లీ, అనంట.
ముందు నవ్వేసినా.
నా చేతిలోనూ ఒక దొప్ప పెట్టినారు.
మా సొర్ణముఖికి ఏమని చెప్పను?
ఇసక లారీలు లెక్కపెట్టి చెప్పనా,
మా ఆయన రెండేళ్ళు ఆ లారీ తోలినాడని చెప్పనా.
వదిలినా.
అది పోయి ఒక పడవ గొలుసుకి తగులుకొని
ఆడనే తిరగతా ఉండింది.
చూడకుండా వచ్చేసినా.

దీవిలో ఇల్లెత్తే పండగ.
పందులు అరస్తా ఉన్నాయి.
మగోళ్ళు చేయీ చేయీ పట్టుకొని గుండ్రంగా నిలబడి
ఒకటే కూత,
మా పక్క చెక్కభజనోళ్ళు దరువు మార్చేముందు
ఊపిరి బిగబట్టినట్టు.
రంతే అవ్వ వెదురు గొట్టంలోంచి గుడ్డ తీసింది.
ఆకాశంలోంచి జారి పడిందంట,
వాళ్ళ మొదటి అవ్వతోబాటు.
ముట్టుకుంటే పంట పండతాదంట.

నాకు మోకాళ్ళు వణికినాయి.
ఆ ఎరుపు నాకు తెలుసు, చెవలకోడి వేరు ఎరుపు.
అంచులో తీగ మెలిక తిరిగే చోట
చెయ్యి ఒక్క రవ్వ ఆగింది చూడు,
మా అత్త సుబ్బరత్నమ్మ కూడా ఆడనే ఆగేది
కలం పిండుకోడానికి.

నల్లగీతలు లేవు.
గీత ఉండాల్సిన చోట గుడ్డే లేదు.
తుప్పిన ఇనుము, బెల్లం,
ఇరవైయొక్క రోజులు పులిస్తే కసిం.
కసిం గుడ్డని తింటాది. నిదానంగా.
ఎన్ని వందల ఏండ్లు కూర్చొని తినిందో,
నెమలి కన్నుండే చోట కన్నంత చిల్లు,
చిల్లులోంచి
కప్పు ఎత్తే మనుషులు కనపడతా ఉన్నారు.

ఇది మావోళ్ళు చేసింది,
లవంగాలకి మార్చుకున్నారు,
అని నోటిదాకా వచ్చింది.
పిలగాడు నా మొకం చూస్తా ఉన్నాడు, తిప్పి చెప్పడానికి.
రంతే అవ్వ దాన్ని
పచ్చిబాలింత బిడ్డని పట్టినట్టు పట్టుకొనుండాది.
"బాగుండాదని చెప్పు" అన్నా.
ఆమె నా చేతులు తిప్పి చూసింది.
గోళ్ళ సందుల్లో నలుపు.
ఏం అర్థమైందో, ఏమీ అనలా.
గుక్కెడు బియ్యం కల్లు పోసింది. తాగినా.
ఇంట్లో చెప్పలేదు.

తిరిగొచ్చేలోపల మార్గశిరం.
ఏడు గంగమ్మల జాతర.
పంబలు, వేపాకు, నిమ్మకాయ దండలు, తోసుకునే జనం.
ఊర్లో ఏడుగురు గంగలు,
ఏట్లో చెంబుడు నీళ్ళు లేవు.
ఎవురూ ఈ మాట అనలా. నేనూ అనలా.
వాన పడని ఏడు అట్టనే ఉంటాది.

గుడ్డకి పారే నీళ్ళు కావాల.
నిలవనీళ్ళలో ఒక రంగు ఇంకో రంగుని కరుస్తాది.
అందుకే సిమెంటు తొట్టికి ఇటు బోరు పైపు పెట్టి
అటు బొక్క తీసి
ఏరు పారతా ఉండాదని గుడ్డకి అబద్ధం చెప్తా ఉంటాం.

షావుకారు ఫోను చేసినాడు:
మళ్ళీ కల్పవృక్షమే, ఇరవై.
పడవలు గిడవలు వద్దు, అమ్ముడుపోవు.
సరే అన్నా.
ఇరవయ్యో దాంట్లో మాత్రం
వంకీ తిరిగిన వేరు కింద
వేలెడంత అరటిదొప్ప వేసినా, వత్తితో సహా.
కసింతోనే గీసినా.
అది తినేలోపల
ఎవురింట్లో ఉంటాదో, ఏ నీళ్ళవతల ఉంటాదో.

మూడింటికి కరెంటు పోతాది.
అంతలోపల ఇరవై గుడ్డలూ జాడించాల.