సగటు నిల్వ

లాలాపేట బ్రాంచిల ఏసీ సప్పుడు చేస్తున్నది.
గ్యాసు తక్కువైంది, వినంగనె తెలుస్తది నాకు.
ఇరవై రెండేండ్ల పని.
ఇయ్యాల మాత్రం నేను మెకానిక్కును కాను,
పదకొండో నంబరు టోకెన్ను.

"బ్యాలెన్సు సర్టిఫికెట్టే గద, రెండు నిమిషాల్ల ఇస్తం"
అన్నది ఇందుమతి మేడం.
అది కాదు మేడం.
ఖాతా ఎప్పుడు తెరిచినమో, ఇయ్యాల ఎంతున్నదో,
ఆర్నెల్ల సగటు ఎంతో, బాకీలు ఉన్నయో లేవో
అన్నీ ఒక్క లెటర్‌హెడ్ మీద,
కింద సంతకం, ముద్ర, ఫోను నంబరు.
"మా ఫార్మాట్ల సగటు లేదు."

మొదటిసారి వస్తె సర్వర్ లేదు.
రెండోసారి మేనేజర్ లేడు, బిడ్డ ఓణీల ఫంక్షనట.
ఈసారి ఇద్దరూ ఉన్నరు,
సగటు లేదు.

ఆర్నెల్లు ఆ డబ్బు మడి కట్టుకున్నది.
మేం దూరంగ నిలబడి చూసినం.
శోభకు పన్ను సలిపితె లవంగం పెట్టుకున్నది.
బండి టైరు అరిగి నున్నగైతె
వానకాలమంత నడిపించుకుంటనె పోయిన.
నైనిక సైకిల్ అడిగితె
"అంకె ఒప్పుకోదు బిడ్డా" అన్న.
అంకె అంటె ఎవరో ఇంటికొచ్చిన చుట్టమనుకొని
కొన్నాళ్ళు పిల్ల మెల్లగ మాట్లాడింది.

సగటంటె ఏంది మేడం?
దుకాణంల నా వాటా కొని
ఖదీర్ భాయ్ ఇచ్చిన చెక్కు.
సంతకం పెట్టి ఉస్మానియా బిస్కట్ చాయ్‌ల ముంచి
తీసుడు మర్చిపోయిండు ఆనాడు,
అది కరిగి అడుక్కు పోయింది.
పదమూడేండ్లు ల్యాబుల మందికి నెత్తురు తీసి
శోభ కట్టిన చిట్టి.
ఉప్పల్ అవతల వంద గజాల ప్లాటు.
మూలకు ఒక యాపమొక్క పెట్టినం,
కొన్నోళ్ళు ఉంచిన్రో పీకిన్రో.
గివన్నీ కలిపి ఆరుతోటి భాగిస్తె వచ్చేదా?

నేను గిట్ల అడగలే.
"సగటు గూడ జర రాయుండ్రి మేడం" అన్న, అంతే.

మేడం ఒక్క వేలుతోటి టైపు కొట్టుకుంట అడిగింది:
"ఏ దేశం?"
"కెనడా."
"ఆ చలిల ఏసీలు ఎవరికి గావాలె?"
"మిషను అదే మేడం.
లోపటి గాలి బయటికి, బయటి గాలి లోపటికి.
దిక్కు మారుతది."

మూడున్నరకు కాయితం వచ్చింది.
నా పేరుల ఒక అక్షరం ఎగిరిపోయింది. మళ్ళ కొట్టించిన.
ముద్ర సగమే పడ్డది. మళ్ళ ఏయించిన.
ఆఖరి లైను ఇంగ్లీషుల ఉన్నది, తెలుగుల చెప్పాలంటె
ఈయన ఎవ్వనికీ ఒక్క పైసా బాకీ లేడని.

నిలబడి చదివిన. కూసొని చదివిన.

నా వాటా విలువ మీద ఖదీర్ భాయ్
డెబ్బై వేలు ఎక్కువేసి ఇచ్చిండు. ఎందుకంటె చెప్పలే.
మొన్నటి ఎండలల్ల, రాత్రి రెండింటికి,
కంప్రెసర్ మోస్తుంటె మల్లేశు పాదం మీద పడ్డది.
కట్టు కట్టించుకొని
పొద్దుగాల్ల నాకంటె ముందు వచ్చి షటర్ ఎత్తిండు.
శోభ పన్ను ఆ ఎడమ పక్కదే, ఇప్పుడు తీసెయ్యాలె అన్నరు.
గివి ఏ పద్దుల రాస్తరో
మేడంను అడిగితె నవ్వుతదేమో.

కాయితం ప్లాస్టిక్ కవర్ల పెట్టి లేస్తుంటె
"అన్నా, ఈ సప్పుడు సంగతేంది, పొద్దటిసంది తలనొప్పి లేస్తున్నది"
అన్నది ఇందుమతి మేడం, పైకి చూపెట్టి.

గ్యాసు మేడం, రేపు పొద్దున వస్త అన్న.
అని బయటికొచ్చి
బండి స్టాండు తీసినంక యాదికొచ్చింది.
సిలిండరు, గేజీ, పానాలు
అన్నీ వాటాల పోయినయి గద.
ఖదీర్ భాయ్‌ని ఒక పూటకు
అప్పు అడగాలె.