చిగురు

సీసా మీద చీటీ:
సవారమ్మ, యాభై ఎనిమిదేండ్లు, కోస్గి దిక్కు పల్లె.
ఎడమ దవడ, కింది చిగురు.
పక్కన పంటి డాక్టరు రాసిన 'క్యాన్సర్',
దాని వెంట ఒక ప్రశ్నగుర్తు,
పెన్నుతో రెండుసార్లు దిద్దినట్టు ఇంత లావు.

ఫార్మలిన్‌ల రేగ్గింజంత ముక్క.
జహీరా దాన్ని మైనంల పోసి
ఉల్లిపొర కన్న పల్చగ చెక్కి
గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి
గాజుపలక మీదికి ఎత్తింది.
పాలమూరు ల్యాబుల కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నం
కండ్లద్దాలు తీసి పక్కన పెట్టి
కటకానికి కన్ను ఆనించిన.

నీలం. గులాబీ.
పైపొర సాఫుగనే ఉంది,
ఎక్కడా లోపలికి తవ్వుకపోలే.
కింద మాత్రం
వలయాలు.

నిండు గులాబీ వలయాలు,
చేత తట్టిన జొన్నరొట్టెల లెక్క అంచులు పగిలి,
కొన్ని నిండుగ, కొన్ని సగం కొరికి విడిచినట్టు.
ఇరవై రెండేండ్ల సంది నోళ్లు చూస్తున్న.
నోరంటే నాకు మొఖంల ఉండేది కాదు, పలక మీద ఉండేది.
గుట్కాకు బిగుసుకుపోయిన నోరు,
చుట్ట కాలిన నోరు,
మాటకు ముందే పుండు పలికే నోరు.
ఇసుంటిది చూడలే.

పురుగు గుడ్డా? బూజా?
కాంగో ఎరుపు పోసినం, పట్టలే.
ఇంకో రంగు పోసినం, బీట్‌రూట్ తీరు ఎర్రబడ్డది.
వలయాల చుట్టూ పెద్ద పెద్ద కణాలు,
ఒక్కొక్కదాంట్ల పది, పదిహేను కేంద్రకాలు,
పంచాయితీకి చుట్టూ కూసున్నట్టు.
అవి చెడ్డ కణాలు కావు, కాపలా కణాలు.
ఎవరినో పట్టుకున్నయి.
మింగలేవు, విడువలేవు,
ఎవరని అడిగితే వాటికీ తెల్వదు.

రిపోర్టు మూడు దినాలు ఆపిన.
దినాం ఆమె చెల్లె కిటికీ కాడికి వచ్చి
"వచ్చిందా" అని అడిగేది.
రాలేదంటే
సగం సంబురంగ బస్టాండుకు పోయేది.

నాలుగో నాడు ఫోన్ చేసిన.
"పన్ను ఎప్పుడు పీకిచ్చుకున్నవమ్మా?"
"నిరుడు, కార్తీకంల."
"అటెన్క ఏం తిన్నవు?"
అటు దిక్కు గాలి సప్పుడు. చేన్ల ఉన్నట్టుంది.
"ఏం తింట, తెల్లారే కూలికి పోయిన.
పచ్చి కందికాయలు ఒల్చుకొని నమిలిన.
ఆకలైతది గద. తప్పా?"

కంది.
మళ్ల పోయి కటకంల చూసిన.
పన్ను పోయిన గుంతల ఇరుక్కున్న ఇంత పప్పు,
పిండి కరిగిపోయి, గోడలు మిగిలి,
ఏడాది సంది ఒళ్లు దాని చుట్టూ
ఇంకో గోడ కట్టుకుంటనే ఉంది.
చిగురంటే మా పుస్తకాలల్ల ఒక్కటే అర్థం.
ఆ పూట రెండోది యాదికొచ్చింది.

"క్యాన్సర్ కాదమ్మా. గింజ."
చానసేపు ఏం మాట్లాడలే.
అటెన్క, నవ్వకుంటనే:
"మొలిసిందా?"

ఈడికే ఆపితే బాగుండు.
కానీ ట్రేల ఇంకో పలక ఉంది.
కుర్మూర్తి, ఇరవై ఆరు, ట్రాక్టర్ డ్రైవర్, మక్తల్.
నాలుక అంచు.
ఈ చీటీ మీద ప్రశ్నగుర్తు లేదు,
'మామూలు పుండే కావచ్చు' అని రాసి ఉంది.
పొర మీద పొర చుట్టుకున్న గులాబీ గుండ్లు,
లోపలికి, ఇంకా లోపలికి.
వీటిని మా పుస్తకాలల్ల ముత్యాలంటరు.
ఎవరు పెట్టిండ్రో ఆ పేరు,
వాండ్ల ఇంట్ల ఎవ్వరికీ నోరు పుండు కాలేదేమో.

దీనికి మూడు దినాలు అక్కర్లే,
ఇరవై సెకండ్లు చాలు.
"టైప్ చెయ్యాల్నా మేడం?" అన్నది జహీరా.
"ఆగు" అన్న.
కటకం తుడిచి,
పలక మీది నంబరు, సీసా మీది నంబరు
వేలు పెట్టి సరిచూసిన,
చీటీలు తారుమారైనయేమోనని.

కాలే.