చీటీ వెనకపక్క

గుడిపాల దావలో గుజ్జు ఫ్యాక్టరీ గేటు పక్కన
రేకుల గదిలో కూర్చుని బండ్లు తూచడం నా పని.
ఇనుప పలక మీదికి లారీ ఎక్కుతుంది,
గాజు పెట్టెలో ఎర్ర అంకెలు కాసేపు వణికి
ఒకచోట కుదురుకుంటాయి.
నిండు బండి, ఖాళీ బండి, తీసేస్తే సరుకు.
చీటీలో మూడే గడులు.
పదకొండేండ్లుగా అవి చాలనుకున్నా.

ఈ జూన్‌లో తోతాపురి విరగ్గాసింది.
విరగ్గాయడం కూడా తప్పయింది.
లారీల వరుస గేటు దాటి, మలుపు దాటి,
పంక్చరు అంగడి దాటి
చెరుకు తోట కాడికి పోయింది.
దాన్ని లైను అంటారు.
లైనంటే కదిలేదనుకునేదాన్ని.

చాన్ బాషా బండి సోమవారం రాత్రి వచ్చింది,
దామలచెరువు మండీలో ఎత్తిన కాయ.
మంగళవారం ముఖం కడుక్కోడానికి నా కుళాయి కాడికి వచ్చినాడు.
బుధవారం పెండ్లాం ఫోను చేస్తే
"దగ్గర్లోనే ఉండా" అన్నాడు.
నిజమే. ఇల్లు గిరింపేటలో, ఇక్కడికి అరగంట.
బండి వదిలితే నెంబరు పోతుంది.
గురువారం పట్ట కింద తీపి వాసన మొదలయింది.
ముందు బాగానే ఉంటుంది,
రాత్రికి సారాయి అంగడి గుర్తొస్తుంది.
ఈగలకు మాత్రం లైను లేదు.

శుక్రవారం ఆయన వంతు.
మండీ చీటీలో పది టన్నుల నలభై కిలోలు,
నా పలక మీద తొమ్మిది టన్నుల ఆరువందల పది.
సూపర్‌వైజరు తరుగు రాసినాడు,
కుళ్లు కింద ఇంకో మూడు శాతం కొట్టేసినాడు.
కాయ ఎండలో నిలబడితే ఎంత తగ్గుతుందో
వీళ్ల కాడ కిలోకి కిలో లెక్కుంది.

"నేనూ తగ్గినా గదమ్మా,
నన్నూ ఎక్కించి చూడు" అన్నాడు బాషా, నవ్వుతూనే.
ఎక్కించలేదు.
నా కాటా పది కిలోలకు తక్కువ పట్టదు.
నాలుగు దినాల్లో మనిషి
అంతకంటే తక్కువే కరుగుతాడు.

బాడుగ దూరానికంట.
కదలకపోతే దూరం లేదు, దూరం లేకపోతే దుడ్డు లేదు.
బత్తా ఒక దినానికే ఇచ్చి పంపినారు.
ఆ నాలుగు దినాలూ రాసి ఉండేది ఒక్కచోటే,
మునెప్ప టీ అంగడి అప్పు పుస్తకంలో.

మా గుజ్జు డ్రమ్ములు చెన్నై రేవులో ఆగిపోతే
కంటైనరుకు దినానికింతని కడతారు.
ఆ బిల్లు నా చేత్తోనే ఫైల్లో పెట్టినా.
ఇనుప పెట్టె ఊరికే నిలబడదు.

ఏమనిపించిందో, చీటీ తిప్పినా.
వచ్చింది: సోమవారం రాత్రి తొమ్మిదీ పది.
పలక ఎక్కింది: శుక్రవారం పగలు రెండూ నలభై.
నిలబడింది: ఎనభై తొమ్మిదిన్నర గంటలు.
రాసి, దాని మీద ఫ్యాక్టరీ సీలు గుద్దినా,
ముందుపక్కకు కొట్టే సీలే.

వెనక బండాయన చూసినాడు. "నాక్కూడా" అన్నాడు.
ఆదివారానికి ముప్పై ఏడు చీటీలు.

మేనేజరు పిలిపించినాడు.
"వెనకపక్క రాయమని నీకెవరు చెప్పినారు?"
ముందు జాగా లేదు సార్, అన్నా.

బాషా ఓనరుకు చూపించినాడంట.
ఓనరు తిప్పి చూసి, మళ్లీ ముందుకు తిప్పి,
అంగీ జోబులో పెట్టుకున్నాడంట.
దుడ్డు ఇయ్యలేదు.
చీటీ చించనూ లేదు.

నిన్న కొత్త చీటీ పుస్తకాలు దిగినాయి.
వెనకపక్క ఖాళీ లేకుండా
పెద్ద మామిడికాయ బొమ్మ అచ్చేసినారు,
అంచు నుంచి అంచుకు పసుపు.

గదిలో ఎవరూ లేనప్పుడు గీసి చూసినా.
పసుపు మీద నీలం పెన్ను
బాగానే కనపడతా ఉంది.